ఒకే లోషన్, రెండు లేబుళ్ళు

థాయిలాండ్ నేనెప్పుడూ చూడలేదు. అయినా రెండేళ్ళపాటు ఆ దేశపు ఆడవాళ్ళు ఒంటికి ఏం రాసుకోవాలో, ఎందుకు రాసుకోవాలో చెప్పడమే నా ఉద్యోగం. ఆ ఉద్యోగం నేను బాగా చేశాను. ఇప్పుడు తలుచుకుంటే రోత పుట్టేది అందుకే.

మేం కెనడాలో, కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో ఉంటాం. మా ఆయనది ఐటీ. పెళ్ళికి ముందు నేను హైదరాబాద్‌లో ఒక సబ్బుల కంపెనీలో మార్కెటింగ్ చేశాను. ఆ అనుభవం చూపించి పక్క ఊరు గ్వెల్ఫ్‌లో ఒక లోషన్ల కంపెనీలో చేరాను. ముందు ఆఫీసు, వెనక ఫ్యాక్టరీ. చలికాలంలో చేతులు పగలకుండా రాసుకునే లోషన్, పెదాలకి బామ్, స్నానానికి జెల్, ఇలాంటివి చేసేవాళ్ళు. రిసెప్షన్‌లో గోడంత పోస్టర్ ఒకటి ఉండేది. నలుపు నుంచి తెలుపు దాకా పదిమంది ఆడవాళ్ళు భుజాలు ఆనించుకుని నవ్వుతుంటారు. కింద 'ప్రతి రంగూ అందమే' అని ఉంటుంది. ఇంటర్వ్యూ రోజు ఆ పోస్టర్ కింద కూర్చున్నప్పుడు నాకు నిజంగానే ధైర్యం వచ్చింది. నేను నలుపు. చామనఛాయ అని మా అమ్మ అనేది గాని, అది అమ్మ కాబట్టి అనే మాట.

చేరిన ఏడాదికి మా డైరెక్టర్ నన్ను పిలిచాడు. యాభై దాటిన మనిషి, ఎవరి మీదా గొంతెత్తడు, అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుంటాడు. బ్యాంకాక్‌లో ఒక డిస్ట్రిబ్యూటర్ దొరికిందని, మన లోషన్ అక్కడ అమ్మబోతున్నామని చెప్పాడు.

"ఇది నువ్వు చూసుకోవాలి. అక్కడి మనుషులు నీకు తెలుసు కదా," అన్నాడు.

"నేను ఇండియా నుంచి వచ్చాను," అన్నాను.

"అదే. ఆసియా."

మా ఏలూరుకీ బ్యాంకాక్‌కీ మధ్య ఒక సముద్రం ఉందని అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తాడని భయం. సరే అన్నాను.

ఆయన ఒకసారి అక్కడి బీచ్‌లో పదిరోజులు సెలవు గడిపాడు. ఆ పదిరోజుల చదువుతో స్లైడ్లు తయారుచేశాడు. మొదటి స్లైడ్ మీద 'థాయి స్త్రీ' అని ఉంది. చేతులు జోడించిన ఒక అమ్మాయి, పక్కన తామరపువ్వు, వెనకాల ఏనుగు. ఆమె సౌమ్యురాలు, కుటుంబమే ఆమె లోకం, ఆమె ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది అని మూడు ముక్కలు. ఒక దేశపు ఆడవాళ్ళంతా ఆ మూడు ముక్కల్లో సరిపోయారు. మీటింగులో అందరూ తల ఊపారు. నేనూ ఊపాను.

మొదటి లేబుల్ టొరాంటోలో ఒక డిజైనర్ గీశాడు. సీసా నిండా కళ్ళు మూసుకున్న బుద్ధుడి మొహం. చూడ్డానికి బాగుంది. నా టేబుల్ మీద వారం రోజులు ఉంది, నాకేమీ అనిపించలేదు. శాంపిళ్ళు ఒక అట్టపెట్టెలో వస్తే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్ పక్కన నేల మీద పెట్టించాను. మర్నాడు పొద్దున్న వెళ్ళి చూస్తే పెట్టె ఖాళీ. సీసాలన్నీ స్టీలు బీరువా పైన, ఉతికిన తువ్వాలు పరిచి, వరసగా నిలబెట్టి ఉన్నాయి.

ఎవరు పెట్టారని అడిగితే లైన్‌లోంచి ఒకావిడ ముందుకొచ్చింది. పొట్టిగా, నల్లగా, యాభై ఏళ్ళుంటాయి. తలకి వలటోపీ, చేతులకి గ్లవ్స్. రోజూ కనపడితే నవ్వేది, ఎప్పుడూ మాట్లాడుకోలేదు. థాయిలాండ్ నుంచి వచ్చిందని నాకు అప్పటిదాకా తెలియదు. మా ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళుగా పనిచేస్తోందట, అయినా ఆ సంగతి మా డైరెక్టర్‌కీ తెలియదు.

"తప్పైతే క్షమించండి," అంది. "నేల మీద ఉన్నాయి. పక్కనుంచి అందరూ బూట్లతో నడుస్తున్నారు. బుద్ధుడి తల కదా." తర్వాత మెల్లిగా అడిగింది. "ఇది బాత్‌రూమ్‌లో పెట్టుకునే సీసా కదా మేడమ్?"

వెంకటేశ్వరస్వామి బొమ్మ వేసి ఒళ్ళు రుద్దుకునే జెల్ అమ్మితే మా ఇంట్లో ఏమంటారో నాకు తెలుసు. తెలిసినదాన్నే వారం రోజులు ఆ సీసా పక్కన కూర్చుని టీ తాగాను.

డైరెక్టర్‌కి చెబితే ఆ లేబుల్ వెంటనే ఆపేశాడు. మీటింగులో అందరి ముందూ, "ఇందుకే ఈ పని నీకిచ్చింది," అన్నాడు. ప్యాకింగ్ లైన్‌లో ఒకావిడ చెప్పిందని అనడానికి నోరు తెరిచాను. ఈలోగా మాట వేరే విషయం మీదికి వెళ్ళిపోయింది. వెళ్ళిపోనిచ్చాను.

అప్పట్నుంచి లంచ్‌కి ఆవిడతో కూర్చోవడం మొదలుపెట్టాను. ఏదైనా తెలుసుకోవచ్చని మొదట వెళ్ళాను, తర్వాత ఇష్టంగానే వెళ్ళాను. ఆవిడది ఆ దేశంలో ఈశాన్యం వైపు, వరి పండే ఊరు. అతుక్కునే అన్నం ఒకటి తెచ్చుకునేది. వేళ్ళతో ముద్ద చేసుకుని తింటుంటే మా మేనత్త గుర్తొచ్చేది. నా గోంగూర పచ్చడి ఒకసారి రుచి చూసి, మర్నాటినుంచి ఖాళీ డబ్బా తెచ్చుకునేది. వాళ్ళలో పెద్దవాళ్ళని 'పీ' అంటారని, చిన్నవాళ్ళని 'నొంగ్' అంటారని చెప్పింది. నన్ను నొంగ్ అని పిలిచేది. నేను ఆవిణ్ణి అక్కా అనేదాన్ని.

ఈ స్నేహం సంగతి తెలిసి డైరెక్టర్ ముచ్చటపడ్డాడు. "అయితే నిజమైన వినియోగదారులు మన దగ్గరే ఉన్నారన్నమాట. కొంతమందిని పోగుచేయగలదా?" అన్నాడు.

అక్క తనకి తెలిసిన ఐదుగురు థాయి ఆడవాళ్ళని తీసుకొచ్చింది. ఇద్దరు గంట దూరంలోని బ్రాంప్టన్ నుంచి మంచులో డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు. పెళ్ళికొచ్చినట్టు తయారై వచ్చారందరూ. ఉత్త చేతులతో రావడం ఎలాగని వంటలు పట్టుకొచ్చారు. పచ్చిబొప్పాయి తురుము, గ్రిల్ చేసిన చికెన్, ఆ అతుక్కునే అన్నం. కాన్ఫరెన్స్ రూమ్‌లో లోషన్ చేతులకి రాసుకుని అభిప్రాయం చెప్పాలి. పక్క గదిలో డైరెక్టరూ ఇంకో ఇద్దరూ కెమెరాలో చూస్తున్నారు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"వాసన?"

"చాలా బాగుంది."

"ఏమైనా మార్చాలా?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఏమీ అక్కర్లేదు. చాలా బాగుంది."

పెళ్ళిచూపుల్లో ఉప్మా ఎలా ఉందని అడిగితే చెప్పే జవాబు అది. నాకు అక్కడే అర్థమైంది. పక్కగదిలో మాత్రం, ఇంత మంచి రెస్పాన్స్ ఎప్పుడూ రాలేదని ఒకరి చేయి ఒకరు చరుచుకుంటున్నారు.

చివర్లో ఫొటోగ్రాఫర్ అక్కతో సహా ఒక్కొక్కరి మొహం, చేతులు దగ్గర్నుంచి తీశాడు. రెండు పేజీల అంగీకారపత్రం మీద సంతకాలు కావాలి. వాళ్ళు ఆ కాగితం వంక చూడలేదు, నా మొహం వంక చూశారు. "ఏం లేదక్కా, ఆఫీసు ఫైల్‌కి అంతే. సంతకం పెట్టెయ్," అన్నాను. రెండో పేజీ నేనూ చదవలేదు. చదవాల్సింది నేనే.

వాళ్ళని కార్లదాకా సాగనంపాను. అక్క తన కారు అద్దం మీద మంచు గీకుతుంటే అడిగాను.

"నిజం చెప్పు. ఎలా ఉంది?"

"జిడ్డు," అంది గీకుతూనే. "ఇక్కడి చలికి పరవాలేదు. మా ఊళ్ళో రోజుకి మూడుసార్లు స్నానం చేస్తాం. ఆ వేడిలో ఇది రాసుకుంటే ఒళ్ళంతా నెయ్యి పూసినట్టుంటుంది. వాసన ఆసుపత్రిలా ఉంది."

"మరి లోపల చెప్పలేదేం?"

"పిలిచారు, కుర్చీ వేశారు, గిఫ్ట్ బ్యాగులిచ్చారు. ఎలా చెబుతాం?" దీనికి తమ భాషలో ఒక మాట ఉందంది, 'క్రెంగ్ జై'. ఎదుటివాళ్ళ మనసు నొచ్చుకుంటుందేమోనని మన మాట మనమే మింగడం. ఆ మాట ఇంగ్లీషులోకి రాదంది.

"మా భాషలోకి వస్తుంది. మొహమాటం," అన్నాను.

"మొ-హ-మా-టం," అని రెండుసార్లు అనుకుని నవ్వింది.

నేను నవ్వుకుంటూనే లోపలికి వచ్చాను. కిచెన్‌లో వాళ్ళు తెచ్చిన వంటలు కంపోస్ట్ డబ్బాలో ఉన్నాయి. ఎవరూ ఒక్క స్పూను కూడా ముట్టలేదు. ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం కడిగి, మూతలు విడదీసి, రీసైక్లింగ్ బుట్టలో వేశారు. ఎక్కడిదక్కడ, శుభ్రంగా. వాసన పోవడానికి కిటికీ కాస్త తెరిచి ఉంది. ఆ కిటికీ మూసి, కోటు తీసుకుని ఇంటికి వచ్చేశాను. ఎవర్నీ ఏమీ అడగలేదు.

లోషన్ జిడ్డుగా ఉందన్న సంగతి మాత్రం చెప్పాను. "కెమెరాలో ఒక్కరూ అనలేదే," అన్నాడు డైరెక్టర్. మొహమాటం గురించి చెబితే ఆసక్తిగా విని, నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. తర్వాత స్లైడ్‌లో 'థాయి స్త్రీ విమర్శించదు' అని నాలుగో ముక్క చేరింది.

మరుసటి వారం బ్యాంకాక్ డిస్ట్రిబ్యూటర్‌తో వీడియో కాల్. చురుకైన మనిషి, తన పని తనకి బాగా తెలుసు. "జిడ్డు సంగతి సరిచేయొచ్చు," అంది. "అసలు విషయం అది కాదు. తేమ కోసం ఇక్కడ ఎవరూ కొనరు. తెలుపు కోసం కొంటారు. సీసా మీద ఆ మాట లేకపోతే షాపువాడు కింద అరలో పెడతాడు."

మా డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు.

"మన విలువలు వాళ్ళ మీద రుద్దకూడదు. వాళ్ళ సంస్కృతిని మనం గౌరవించాలి," అన్నాడు.

బుద్ధుడి విషయంలో ఎవరో చెప్పేదాకా గుర్తురాని సంస్కృతి, తెలుపు అనగానే ఎంత తొందరగా గుర్తొచ్చిందో చూశాను. ఆ డిస్ట్రిబ్యూటర్‌ని కూడా తప్పుపట్టాలనిపించింది. కాని మా ఏలూరులో ఏ షాపుకి వెళ్ళినా ఏ సీసాలు కళ్ళెదురుగా ఉంటాయో నాకు తెలుసు.

ట్యాంకు అదే, లోషన్ అదే. కాస్త పలచన చేసి, థాయిలాండ్ వెళ్ళేదాంట్లో తెల్ల పొడి కొంచెం కలిపారు. రాసుకోగానే చర్మం మీద సుద్ద పూసినట్టు ఒక పొర కనపడుతుంది, కడుక్కుంటే పోతుంది. ఇక్కడి లేబుల్ మీద 'నీ చర్మాన్ని ప్రేమించు' అని ఉంటుంది. అక్కడి లేబుల్ మీద ఏముండాలో రాసే పని నాది.

రాయనని అనొచ్చు. ఆ మాట ఇప్పుడు తేలిగ్గా వస్తోంది. అప్పుడు నేను చేసింది, టీ పెట్టుకుని కూర్చుని, ఏ మాట గుచ్చుకుంటుందా అని ఆలోచించడం. నాకు ఎక్కువసేపు పట్టలేదు. నాకు పన్నెండేళ్ళప్పుడు భీమవరంలో జరిగిన ఒక పెళ్ళి ఆల్బమ్ వచ్చింది. మా పిన్ని ఒళ్ళో పెట్టుకుని అందరికీ చూపిస్తూ, "ఇదెక్కడుందర్రా, పళ్ళు కనపడబట్టి గాని లేకపోతే వెతుక్కోవాలి," అంది. అందరూ నవ్వారు. మా అమ్మ నవ్వలేదు, కాని ఆ ఫొటో మీదికి వంగి చూసింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఏ ఫొటోలోనైనా చివరి వరసలోనే నిలబడ్డాను.

నేను రాసింది ఇది: 'ఫొటోలో నిన్ను అమ్మ వెతుక్కోనక్కర్లేదు.'

దాన్ని థాయిలోకి మార్చుకున్న డిస్ట్రిబ్యూటర్, తన ఆఫీసులో ఇద్దరమ్మాయిలు కళ్ళు తుడుచుకున్నారని మెయిల్ పెట్టింది. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం దారిలో ఆగి ఇంటికి కేక్ పట్టుకెళ్ళాను. ఎందుకని మా అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. పద్నాలుగేళ్ళది, నా రంగే. ఆఫీసులో మంచి పని చేశానని చెప్పాను.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు లంచ్‌లో అక్క నా ఎదురుగా కూర్చోకుండా నిలబడే ఫోన్ చూపించింది. థాయిలాండ్‌లో నడుస్తున్న మా యాడ్ అది. ఎడమవైపు అక్క మొహం, ఆ రోజు కాన్ఫరెన్స్ రూమ్‌లో తీసింది. కుడివైపు అదే మొహం, కంప్యూటర్‌లో తెల్లగా చేసి, ముడతలు తీసేసి. పైన నా వాక్యం. ఆ యాడ్ ఏ ఫొటోతో వెళ్ళిందో నేను చూడలేదు. చూడమని మెయిల్ వచ్చింది, చూశానని జవాబిచ్చాను, ఆ రోజు వేరే పనిలో ఉన్నాను.

"మా అమ్మ ఫోన్ చేసింది," అంది అక్క. "కెనడాలో మందు రాసుకుని తెల్లబడ్డావా, మరి వీడియో కాల్‌లో నల్లగానే ఉన్నావేంటి అని అడుగుతోంది. ఊరంతా చూశారు. మా అక్క కూతురు ఆ సీసా కొనుక్కుంది, పిన్ని వాడిందంటే మంచిదే అయ్యుంటుందని."

చెబుతూ నవ్వుతోంది. ఆ రోజు ఆ ఐదుగురి మొహాల మీద చూసిన నవ్వే అది.

"అక్కా, నాకు తెలియదు," అన్నాను.

"పరవాలేదు మేడమ్," అని ఫోన్ లోపల పెట్టుకుని వెళ్ళిపోయింది.

డైరెక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఫైలు తీయించి రెండో పేజీ చూపించాడు. ప్రచారానికి ఏ రూపంలోనైనా వాడుకోవచ్చని అక్కడ స్పష్టంగా ఉంది, కింద అక్క సంతకం. "ఆవిడ సంతోషపడి ఉండాలే. వాళ్ళ దేశంలో స్టార్ అయింది," అన్నాడు. హాస్యానికే అన్నాడు. నేను అక్కడ నిలబడి ఆయన టేబుల్ మీద ఉన్న చిన్న ఏనుగు బొమ్మ వంక చూస్తూ ఉన్నాను. ఆయన మీద ఎంత అసహ్యం వేసిందో, ఆ కాగితం మీద సంతకం పెట్టించిన చేయి మీద అంతకంటే ఎక్కువ వేసింది.

హెచ్‌ఆర్‌కి కంప్లయింట్ ఇవ్వమని అక్కకి చెబితే తల అడ్డంగా ఊపింది. ఆ నెల లైన్ లీడర్ పోస్టుకి అప్లై చేసిందట. అందుకని నేనే రాసిచ్చాను. ఫైల్‌కి మాత్రమే అని చెప్పి సంతకం పెట్టించింది నేనని, ఫారం చదవలేదని, యాడ్ చూడకుండా చూశానన్నానని, ఉన్నదున్నట్టు రాశాను. హెచ్‌ఆర్‌లో అమ్మాయి అది రెండుసార్లు చదివి, "ఇలా రాస్తే మీకే ఇబ్బంది," అంది. తెలుసన్నాను. మూడు వారాలకి ఆ ఫొటో తీసేశారు. వాక్యం ఉంచారు. ఇంకెవరో అమ్మాయి ఫొటోతో అది నడుస్తూనే ఉంది. నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తప్పించి పెదాల బామ్ వైపు వేశారు.

క్షమాపణ చెప్పుకోవడానికి ఒక ఆదివారం పొద్దున్న అక్క ఇంటికి వెళ్ళాను. నేను చెప్పినంతసేపూ విని, "ఆ మాటలు నాకొద్దు మేడమ్. ఒక్క పని చేయండి," అంది. వాళ్ళ అక్క కూతురు తన మాట నమ్మడం లేదట. కంపెనీ మేడమ్ చెబితే నమ్ముతుందేమోనని వీడియో కాల్ చేసింది. ఇక్కడ పొద్దున్న, అక్కడ అప్పుడే చీకటి పడింది. పదహారేళ్ళ పిల్ల, మొహం ఒక రంగు, మెడ ఒక రంగు. నేను ఇంగ్లీషులో చెబుతుంటే అక్క థాయిలో చెప్పింది. ఆ ఫొటో కంప్యూటర్‌లో చేసిందని, ఆ సీసాలో ఉన్నది తెల్ల పొడి అని, కడిగితే పోతుందని, ఆ మాటలు రాసింది నేనేనని. ఆ పిల్ల శ్రద్ధగా విని, నన్ను కాసేపు పరీక్షగా చూసి ఏదో అంది. అక్క తిరిగి చెప్పలేదు.

"ఏమంది?"

"మీ మొహం చూస్తేనే తెలుస్తోందట, మీరు ఆ లోషన్ వాడలేదని. వాడి ఉంటే ఇలా అనేవారు కాదట."

ఆ పిల్ల చేతులు జోడించి, మర్యాదగా సెలవు తీసుకుని, ఫోన్ పెట్టేసింది. అక్క టీ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

ఆ వేసవికి ఉద్యోగం మానేశాను. ఎవరూ పొమ్మనలేదు. ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లోనే కుళాయిలు, పైపులు అమ్మే ఒక కంపెనీలో కేటలాగులు రాస్తున్నాను. ఈ మధ్య గ్వెల్ఫ్‌లో కూరగాయల షాపులో అక్క కనపడింది. లైన్ లీడర్ అయిందట. వాళ్ళమ్మ ఆరోగ్యం అడిగాను, బాగుందంది. వాళ్ళక్క కూతురి సంగతి అడిగితే రెండో సీసా అయిపోవస్తోందని, దగ్గర్లో దొరకడం లేదని ఇక్కణ్ణుంచి పంపమంటోందని చెప్పింది.

"పంపుతున్నావా?" అన్నాను.

"ఇక్కడ ఆ లేబుల్‌తో అమ్మరు కదా మేడమ్," అంది, బొప్పాయి పచ్చిదో కాదో గోటితో నొక్కి చూస్తూ.